వెలి యను వ్యాధి

ఆరోగ్యమే మహాభాగ్యమని మన పెద్దలు చెప్పుదురు. ఆ భాగ్యము మనిషి శరీరమునందే యున్నదా, లేక అతడు నివసించు ఇంటియందును, మాటలాడు భాషయందును, పలుకరించు ఇరుగుపొరుగునందును గూడ నున్నదా అనునది ఆలోచింపదగిన విషయము. 1948లో అమలులోనికి వచ్చిన ప్రపంచ ఆరోగ్యసంస్థ నిబంధనావళి, ఆరోగ్యమనగా రోగము లేకుండుట మాత్రమే కాదనియు, దేహమునకును మనస్సునకును సంఘజీవనమునకును సంపూర్ణమైన క్షేమము కలిగియుండుటయనియు నిర్వచించినది. ఈ మూడింటిలో మూడవదానిని మనము తరచుగా మరచుచుందుము. దానిని పోగొట్టుకొన్నవానికి మొదటి రెండును ఎట్లు దూరమగునో వలసకూలీల జీవితమునుండి తెలిసికొనుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఈ విషయము మనకు దూరమైనది కాదు. జీవనదులు లేని సీమ మనది. చెరువులును బోరుబావులును మనకాధారము. వాన తప్పిన యేట దిబ్బూరహళ్ళి, బాగేపల్లి, చింతామణి ప్రాంతముల పల్లెలనుండి పలువురు బెంగుళూరు దారి పట్టుదురు. తండ్రి గారపనికిని, తల్లి ఇటుకలు మోయుటకును పోగా అవ్వతాతలయొద్ద నుండి చదువుకొను పిల్లలు ఈ సీమలో కొందరు కలరు. మరియొక ప్రక్క ఒడిస్సా, బీహారు మొదలగు దూరదేశములనుండి బ్రతుకుతెరువునకై మనవైపు వచ్చువారు కలరు. కనుక వలసను గురించి మాటలాడునపుడు మనము ఒకచోట వెళ్ళినవారము, మరియొకచోట ఉన్నవారము. రెండు స్థానములనుండియు ఈ విషయమును చూడవలసియున్నది.

మొదట ఒక వింతను గమనింపుడు. వలసపోవువాడు సాధారణముగా తన ఊరిలో బలహీనుడు కాడు. ముసలివారును, రోగులును ఇంట నిలిచిపోగా, కండబలమును గుండెధైర్యమును గలవాడే మూట కట్టుకొని బయలుదేరును. పరదేశమునకు చేరిన తొలి సంవత్సరములలో వలస వచ్చినవారు పెక్కుచోట్ల స్థానికులకంటె ఆరోగ్యవంతులై యుందురని వైద్యశాస్త్రజ్ఞులు గుర్తించిరి. అయితే ఏండ్లు గడచినకొలదియు ఆ ఆధిక్యము తరిగిపోవునని కూడ వారే చెప్పుచున్నారు. బలవంతుడై పోయినవాడు రోగియై తిరిగి వచ్చుటకు కారణమేమి? కష్టమైన పని ఒక కారణము. పేదరికము మరియొకటి. ఈ రెండింటిని పెంచి పోషించు మూడవ కారణమే వెలి.

పూర్వము మన గ్రామములలో వెలి యనగా దండోరా వేయించి, ఒక కుటుంబమునకు నిప్పు నీళ్ళు లేకుండ చేయుట. నేటి నగరములలో ఎవరును దండోరా వేయింపరు. అద్దెకు ఇల్లు ఈయకుండుట, మాట అర్థము కాలేదని మొగము త్రిప్పుకొనుట, కాగితము లేదని పంపివేయుట, పది నెలలు ప్రక్కవీధిలో నున్నను పేరు తెలిసికొనకుండుట, ఇవియే నేటి వెలి. ఈ వెలి నాలుగు ద్వారములగుండ శరీరములో ప్రవేశించును. అవి నివాసము, పని, భాషయు కాగితమును, ఒంటరితనము.

నివాసమును గురించి మొదట చెప్పుకొందము. తెలుగువారికి ఈ అనుభవము క్రొత్తది కాదు. పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగమునుండి గోదావరి, విశాఖపట్టణము, గంజాము జిల్లాల పేదలు వేలకొలదిగా ఓడలెక్కి రంగూనునకు పోయిరి. కాకినాడ చెంతనున్న కోరంగి రేవు పేరునుబట్టి బర్మాలో వారిని కోరంగీలని పిలిచిరి. ఓడలకు బస్తాలెత్తినవారు, రిక్షాలు లాగినవారు, వీధులూడ్చినవారు, మలమూత్రములను తొలగించినవారు వారిలో అనేకులు. 1931 జనాభా లెక్కలనాటికి రంగూను నగరములో సగముకంటె ఎక్కువమంది భారతీయులే. అయినను మేస్త్రీ యిచ్చిన బయానాకు కట్టుబడి, అతడు చూపిన బసలోనే వారు తల దాచుకొనవలసివచ్చెను. గాలి వెలుతురు లేని గదులలో క్రిక్కిరిసి పరుండిరి. చోటు చాలనివారు వీధి అరుగులపై నిదురించిరి. నగరమును శుభ్రము చేసిన చేతులకు శుభ్రమైన చోటు దొరకలేదు.

క్రిక్కిరిసిన గది వ్యాధికి పుట్టినిల్లు. క్షయరోగి దగ్గినపుడు వెలువడు సూక్ష్మమైన తుంపరలు గాలి ఆడని గదిలో చాలసేపు నిలిచియుండును. కిటికీలున్న ఇంటిలో ఒకనికి పట్టిన క్షయ, కిటికీ లేని రేకుల షెడ్డులో నలుగురికి పట్టును. క్షయక్రిమి తెలుగువాడని గాని బీహారువాడని గాని చూడదు. కాని ఎవనిని కిటికీ లేని గదిలో పెట్టవలెనో సంఘము చూచి నిర్ణయించుచున్నది.

దీనికి మన కాలముననే స్పష్టమైన నిదర్శనము దొరికినది. సింగపూరు దేశము సంపదకును పరిశుభ్రతకును పేరుపొందినది. అక్కడ భవనములు కట్టుటకును, ఓడలు బాగుచేయుటకును తమిళులు, తెలుగువారు, బంగ్లాదేశీయులు మొదలగువారు పోవుచుందురు. సుమారు 3 లక్షల 23 వేలమంది కూలీలు నగరవాసులకు ఎడముగా కట్టిన వసతిగృహములలో నుండిరి. ఒక్కొక్క గదిలో 12 మంది మొదలు 20 మంది వరకు రెండంతస్తుల మంచములపై పరుండెడివారు. 2020లో కోవిడ్ వ్యాధి వచ్చినపుడు ఆ గృహములలో నిప్పంటుకొన్న గడ్డివామివలె వ్యాపించెను. ఆ సంవత్సరము డిసెంబరులో ప్రభుత్వము ప్రకటించిన లెక్కల ప్రకారము ఆ కూలీలలో నూటికి 47 మందికి వ్యాధి సోకియుండెను. నగరములోని తక్కిన జనములో పరీక్షలవలన తేలిన పాలు నూటికి ఒక్కటికంటె తక్కువ. కూలీలు పడుచువారగుటచేతను, ప్రభుత్వము వైద్యము చేయించుటచేతను మరణములు మిక్కిలి స్వల్పముగా నుండుట సంతోషకరమే. అయినను ఒకే నగరములో, ఒకే గాలి పీల్చు రెండు తెగలవారికి ఇంత భేదమెట్లు వచ్చినది? వారి రక్తములో భేదము లేదు, వారి గదులలో నున్నది. ఆ సంగతి గ్రహించియే 2021లో అక్కడి ప్రభుత్వము, క్రొత్తగా కట్టు వసతిగృహములలో గదికి 12 మందిని మించి యుంచరాదని నియమము చేసినది.

రెండవ ద్వారము పని. ఊరివారు ఒల్లని పని పొరుగూరివానికి దక్కును. మన జిల్లాలో రాతిగనులును కంకర మిల్లులును కలవు. రాతిదుమ్ము ఏండ్ల తరబడి ఊపిరితిత్తులలో చేరి వానిని గట్టిపరచును. సిలికోసిస్ అనెడి ఆ జబ్బును మానుపు మందు లేదు. దుమ్ముపై నీళ్ళు చల్లుటయు, ముక్కునకు తగిన తొడుగు వేసికొనుటయు దానిని అరికట్టు ఉపాయములు. శిడ్లఘట్టలో పట్టుగూళ్ళనుండి దారము తీయువారు వేడినీళ్ళలో గంటలకొలది చేతులుంచుటచేత చర్మము ఒరసి పుండ్లగును. తొడుగు ఇమ్మనియు, నీళ్ళు చల్లుమనియు అడుగుటకు నోరు కావలెను. ఊరిలో నలుగురు తనవారున్నవాడు అడుగును. ఎవరును లేనివాడు, అడిగినచో రేపటి పని పోవునేమోయని ఊరకుండును. ఆ మౌనమే దుమ్మువలె రొమ్ములో పేరుకొనును.

ఎడారిదేశములలో ఈ మౌనము ఇంకను ప్రమాదకరమైనది. కరీంనగరము, నిజామాబాదు ప్రాంతములనుండి వేలాది తెలుగువారు గల్ఫుదేశములకు పోవుచున్నారు. అక్కడ చిరకాలముగా నడచిన కఫాలా పద్ధతి ప్రకారము కూలివాని నివాసపు అనుమతి యజమాని చేతిలో నుండును. కాగా ఎండదెబ్బ తగిలినను, పని మానెదనని చెప్పుటకు అతడు జంకును. శరీరము చెమటచేత చల్లబడును. నీరును, నీడయు, విరామమును లేనిచో ఆ యేర్పాటు చెడి, గుండెకును మూత్రపిండములకును హాని కలుగును. ఖతారు దేశములో 2009 మొదలు 2017 వరకు మరణించిన నేపాళీ కూలీలను గురించి శాస్త్రజ్ఞులు 2019లో ఒక పరిశీలన ప్రకటించిరి. గుండెజబ్బువలన చనిపోయినట్లు వ్రాయబడిన 571 మందిలో, ఎండనుండి రక్షణ కల్పించియున్నచో 200 మంది వరకు బ్రతికియుందురని వారు తేల్చిరి. తరువాత 2020లో యజమాని అనుమతి లేకయే ఉద్యోగము మారుటకు ఖతారు ప్రభుత్వము వీలు కల్పించెను. 2021లో వేసవినెలలందు ఉదయము 10 గంటలనుండి మధ్యాహ్నము మూడున్నర వరకు ఆరుబయట పని నిషేధించెను. ఒక నియమము ఒక మందువలె పనిచేయగలదని దీనివలన తెలియుచున్నది.

మూడవ ద్వారమునకు భాష ఒక తలుపురెక్క, కాగితము రెండవ రెక్క. భాషావిషయము మనకు మిక్కిలి దగ్గరిది. తెలుగు కన్నడములు అక్కచెల్లెండ్రవంటివి. అయినను వైద్యుని యెదుట ఆ పోలికయే ఒకప్పుడు మోసము చేయును. తెలుగున సుస్తీ యనగా జబ్బు. కన్నడమున సుస్తు అనగా అలసట. అనంతపురము పల్లెనుండి వచ్చిన కూలి "మూడునాళ్ళుగా సుస్తీగా నున్నది" అని చెప్పినచో, "పని చేసి అలసితివి, విశ్రాంతి తీసికొనుము" అనెడి సమాధానము వచ్చుట అసంభవము కాదు. కన్నడమున ఉసిరు అనగా ఊపిరి. మనకు ఉసురు అనగా ప్రాణము. ఒకరిని ఏడిపించినచో తగులునది కూడ ఉసురే. మనము దగ్గు అనుదానిని వారు కెమ్ము అందురు. ఇంత దగ్గరి భాషలకే ఇట్టి చిక్కున్నచో, ఒరియా మాత్రమే తెలిసిన కూలి మన ఆసుపత్రి కిటికీవద్ద నిలుచున్నపుడు అతని అవస్థ ఎట్టిదో ఊహింపుడు. ఎచ్చట నొచ్చుచున్నదో వ్రేలితో చూపవచ్చును. ఎన్నాళ్ళుగా నొచ్చుచున్నది, రాత్రి హెచ్చునా, ఇదివరలో ఏ మందు వాడితివి అను ప్రశ్నలకు వ్రేలు సమాధానము చెప్పజాలదు.

భాషకును రోగమునకును గల ఈ సంబంధమును చాల పూర్వమే గుర్తించిన మహావైద్యుడొకడు కలడు. 1848లో జర్మనులు పాలించుచుండిన ఎగువ సైలీషియా ప్రాంతములో భయంకరమైన టైఫస్ జ్వరము వ్యాపించెను. ప్రష్యా ప్రభుత్వము రుడాల్ఫ్ విర్ఖో అనెడి యువవైద్యుని అచ్చటికి పంపెను. అక్కడి పేదజనము పోలిషు భాష మాటలాడువారు. వారిని పాలించు అధికారుల భాష జర్మను. విర్ఖో తిరిగి వచ్చి సమర్పించిన నివేదికలో మందుల జాబితాకంటె ప్రధానముగా, ప్రజలకు స్వపరిపాలనము, విద్య, మంచి వేతనములు కావలెననియు, వారి పోలిషు భాషకు గౌరవస్థానము ఈయవలెననియు వాదించెను. ప్రభుత్వమునకు ఆ మాటలు రుచింపలేదు. అయితే నేటి ప్రజారోగ్యశాస్త్రము ఆయనను తన మూలపురుషులలో ఒకనిగా నెంచుచున్నది. అల్పసంఖ్యాక భాష మాటలాడు మనకు ఆ నివేదిక ప్రత్యేకముగా స్మరణీయము.

ఇక కాగితము సంగతి. సొంత ఊరిలో రేషను కార్డు గలవానికి పరాయి ఊరిలో బియ్యము దొరకక, కూలిలో సగము తిండికే పోయెడి కాలము చాల యేండ్లు నడచినది. రాష్ట్రాంతర వలసకూలీల కొరకు 1979లో ఒక కేంద్ర శాసనము వెలువడెను. వసతియు, ఉచిత వైద్యమును కంట్రాక్టరు కల్పింపవలెనని దానియందు వ్రాయబడెను. తరువాత ఆ విషయములను 2020 నాటి కార్మిక స్మృతిలో చేర్చిరి. కాని పుస్తకములోని అక్షరము పనిచోటికి పోలేదని 2020 మార్చిలో దేశమంతయు కట్టుదిట్టము చేయబడినపుడు బయటపడెను. పని లేక, అద్దె కట్టలేక, రైళ్ళు లేక, లక్షలాది కూలీలు మండుటెండలో కాలినడకను ఇండ్లకు బయలుదేరుటను లోకమంతయు చూచినది. మే నెల 1వ తేదీన హైదరాబాదు చెంతనున్న లింగంపల్లినుండి ఝార్ఖండునకు మొదటి శ్రామికరైలు కదలెను. ఏండ్లతరబడి నగరమును కట్టినవారికి ఆ నగరములో రెండు నెలలు తల దాచుకొనుటకు చోటు లేకపోయినది.

ఇట్టి దృశ్యమును తెలుగువారు అంతకుముందే బర్మాలో చవిచూచిరి. 1930 మే నెలలో రంగూను రేవులో కోరంగి కూలీలు కూలి పెంచుమని సమ్మె చేయగా, యజమానులు వారి స్థానములో బర్మావారిని పెట్టిరి. సమ్మె తీరిన పిమ్మట వారిని తొలగించిరి. దానితో చెలరేగిన అల్లరులలో వందమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. వారిలో అధికులు భారతీయ కూలీలు. ఇద్దరు పేదలకు ఒకే పని చూపి పోరాడనిచ్చిన ఫలమది. 1941 డిసెంబరులో జపానువారు రంగూనుపై బాంబులు వేయగా కూలీలు నగరము విడిచిరి. రేవు స్తంభించెను, వీధులు చెత్తతో నిండెను. ఎవరిని లెక్కింపకయుండిరో వారు లేనిదే నగరము నిలువజాలదని అప్పుడు తెలిసినది. 1942లో లక్షలాది భారతీయులు అడవులు కొండలు దాటి నడచి వచ్చిరి. కలరా, మలేరియా, ఆకలి వేలకొలదిమందిని దారిలోనే హరించినవి. తెల్లవారికొక దారియు, నల్లవారికొక దారియు చూపిరని నాడు మన దేశనాయకులు నిరసించిరి. ఆపదలో నెవరికి దారి దొరకునో ఆపద రాకముందే సంఘము నిర్ణయించియుంచునని ఈ చరిత్ర చెప్పుచున్నది.

నాలుగవ ద్వారము ఒంటరితనము. ఇది కంటికి కానరాదు గనుక దీనిని రోగకారణముగా నెంచుట కొందరికి వింతగా తోచును. భయము కలిగినపుడు గుండె వేగముగా కొట్టుకొనుటయు, రక్తపుపోటు హెచ్చుటయు మనకందరికిని తెలిసినదే. ఆ సమయములో కార్టిసాల్ మొదలగు రసములు శరీరములో ఊరును. ఆపద గడువగానే అవి తగ్గవలెను. అనుదినము అవమానమును, అభద్రతయు అనుభవించువానికి ఆ రసములు తగ్గు సమయమే తక్కువ. కాలక్రమమున నిద్ర చెడును, రక్తపుపోటు స్థిరపడును, రోగములనెదుర్కొను శక్తి సన్నగిల్లును. 2010లో కొందరు శాస్త్రజ్ఞులు మూడులక్షలకు పైబడిన జనులను గూర్చిన 148 పరిశోధనలను కలిపి చూచిరి. బంధుమిత్రుల తోడు బాగుగా గలవారికి, ఆ పరిశోధనలు సాగిన కాలములో బ్రతికియుండు అవకాశము, తోడు లేనివారికంటె సుమారు సగము హెచ్చుగా నుండెనని తేలినది.

ఫిజీ దీవుల చరిత్ర ఈ సత్యమునకు దుఃఖకరమైన సాక్ష్యము. 1879 నుండి 1916 వరకు సుమారు అరువదివేల భారతీయులు ఒడంబడిక కూలీలై అక్కడి చెరకుతోటలకు పోయిరి. 1903 నుండి మద్రాసు రేవుగుండ పోయినవారిలో తెలుగువారును ఉండిరి. పది అడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు గల గదిలో ముగ్గురు ఒంటరి మగవారిని పెట్టెడివారు. కులము, కుటుంబము, పండుగ, పెద్దల మాట ఏదియు లేని ఆ లైనులలో ఆత్మహత్యలు స్వదేశముతో పోల్చిన అనేక రెట్లు హెచ్చుగా నుండెను. దీనబంధు ఆండ్రూసు ఈ ఘోరమును లోకమునకు చాటిచెప్పుటయు ఆ పద్ధతి అంతమగుటకు ఒక కారణమైనది. వారికి చెరకుతోటలో అన్నము దొరకకపోలేదు. మనిషి దొరకలేదు.

ఇచ్చట ఒక ఆక్షేపణ వినవచ్చును. "వలస వచ్చువారే రోగములు తెత్తురు, వారిని దూరముగా నుంచుట మంచిది కాదా?" అని కొందరందురు. ఈ మాట వినుటకు సబబుగా తోచినను పరిశీలనకు నిలువదు. ఆరోగ్యముతో వచ్చినవానిని క్రిక్కిరిసిన గదిలో త్రోసినవారము మనమే. జ్వరము వచ్చినట్లు తెలిసిన పని పోవునను భయముచేత అతడు దానిని దాచినచో, దాచునట్లు చేసినవారమును మనమే. దాచిన జ్వరము ఆ గదిలో నిలువదు. అతడు పాలు కొను అంగడికిని, ఎక్కు బస్సునకును, చివరకు మన ఇంటికిని వచ్చును. పొరుగువాని రోగమును ముందుగా కనిపెట్టుటయే మన ఇంటికి కాపుదల.

చేయదగిన పనులు ఏమి? పెద్దలకు కొన్ని మాటలు విన్నవించుకొందుము. బయలుదేరునపుడు రేషను కార్డు, ఆధారు, ఆయుష్మాన్ ఆరోగ్యకార్డు వెంట తీసికొనిపొండు. 2022 నాటికి అన్ని రాష్ట్రములును ఒకే దేశము, ఒకే రేషను కార్డు ఏర్పాటులో చేరినవి; కావున మీ వంతు ధాన్యము మీరున్న చోటనే తీసికొనవచ్చును. కట్టడపు పనిలో సంవత్సరమునకు 90 దినములు పనిచేసిన, 18 మొదలు 60 ఏండ్ల వయస్సు గలవారు నిర్మాణకార్మిక సంక్షేమ మండలిలో పేరు నమోదు చేయించుకొనవచ్చును. రెండు వారములకు మించిన దగ్గును ఉపేక్షింపకుడు. క్షయకు ప్రభుత్వ ఆసుపత్రులలో పరీక్షయు మందులును ఉచితము. సామాన్యముగా ఆరు నెలలు వాడవలెను. ఊరు మారవలసివచ్చినచో మందు మానక, ఆసుపత్రిలో చెప్పి, చికిత్సను క్రొత్త ఊరికి మార్పించుకొనుడు. ఆపత్సమయమున 108 సంఖ్యకు టెలిఫోను చేసినచో వాహనము ఉచితముగా వచ్చును.

విద్యార్థులారా, మీకొక మాట. మన సీమకు రెండు భాషలు రెండు కన్నులు. చింతామణి తాలూకా కైవారములో వెలసిన నారాయణ తాతయ్య గాజులమ్ముకొని జీవించుచు, తెలుగునందును కన్నడమునందును తత్త్వములు చెప్పెను. గాజుల మలారము మోసికొని ఊరూరు తిరిగినవాడు గనుక ఏ వాకిట ఏ మాట చెల్లునో ఆయనకు తెలిసియుండును. మీకును రెండు భాషలు వచ్చును. మీ అవ్వ ఆసుపత్రికి పోవునాడు వెంట పోయి, ఆమె మాట వైద్యునికిని, వైద్యుని మాట ఆమెకును తప్పు లేకుండ చెప్పుడు. మందుచీటిపై వ్రాసినదానిని చదివి వినిపింపుడు. అయితే స్త్రీలకు సంబంధించిన గోప్యమైన వ్యాధులయందును, ప్రాణాపాయమైన సంగతులయందును పిల్లలు మధ్య నిలువరాదు. అట్టియెడ ఆశా కార్యకర్తను గాని, పెద్దవారైన వేరొకరిని గాని పిలువవలెను.

మన ఊరికి ఇతర రాష్ట్రములనుండి వచ్చిన కూలీలు అంగడిలో సరకులు కొనుచు కనబడినపుడు వారిని చూచి నవ్వకుడు. వారి మాట వింతగా నున్నదని అనుకరింపకుడు. బెంగుళూరు వీధిలో మీ తండ్రి మాటయు ఎవరికో వింతగానే వినబడుచుండవచ్చును. వారి పిల్లలు బడికి రాకున్నచో ఉపాధ్యాయులకు తెలుపుడు. ఒక్క కూలివాని పేరడిగి తెలిసికొని, మరునాడు కనబడినపుడు ఆ పేరుతో పిలిచి, కులాసాయా అని పలుకరింపుడు. ఆ పలుకరింపు జ్వరమును మానుపజాలదు. కాని రేపు జ్వరము వచ్చినపుడు దానిని దాచక ఎవరితో చెప్పుకొనవలెనో అతనికి తెలియును.